పెనుకొండలో పారేసిన మాత్రలు

ఒక బరువును చాలా ఏళ్లుగా మోస్తున్నాను. తూకం వేస్తే ఒక మాత్రల పొట్లం, అంతే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివరి మాట. ధర్మవరంలో మా చెల్లెలు, ఆమె భర్త పట్టుచీరలు నేసేవారు. వాళ్ల పాప శిరీషకు కిడ్నీ జబ్బు. పొద్దున లేచేసరికి కళ్లు తెరుచుకోనంత వాపు. హిందూపురంలో పిల్లల డాక్టరు స్టెరాయిడ్ మొదలుపెట్టాక తగ్గింది. ఇంట్లో డిగ్రీ ఉన్నది నాకొక్కడికే కాబట్టి పాపను చూపించుకొచ్చే పని నాది. ఏ క్లాసులో పాసయ్యానో ఎవరూ అడగలేదు.

ఈ మందు ఎముకలను గుల్ల చేస్తుంది, కాల్షియం, విటమిన్ డి మాత్రలు తప్పక వేయండి, పాలు ఇవ్వండి, ఎండలో ఆడనివ్వండి అని డాక్టరు చెప్పాడు. తల ఊపాను. అది నాకు బాగా వచ్చు.

రైలెక్కాక ఆలోచించాను. అదే పొరపాటు. అంతకుముందే మా ఊరి నీళ్ల పుణ్యమా అని నా కిడ్నీలో రాయి పడింది. రాయంటే కాల్షియమే కదా, చెడిన కిడ్నీలో మళ్లీ సున్నం పోయడమా అనుకున్నాను. డాక్టరునే అడగొచ్చుగా? అడిగితే నాకు తెలియదని తెలిసిపోదూ? పెనుకొండలో బండి ఆగింది. కాల్షియం పొట్లాన్ని కిటికీలోంచి పట్టాల పక్కన పడేశాను.

"ఏమన్న్యాడున్నా డాక్టరు?" అంది చెల్లెలు.

"ఎండలో ఆడుకోనీమన్న్యాడు. పాలు తగ్గించు. కడుపుకు సున్నం కొట్టే పని లేదులేమ్మా."

నవ్వింది. నమ్మింది.

కొన్నాళ్లకు వీధిలో ఎగురుతూ శిరీష కూలబడింది. లేవలేకపోయింది. ఎక్స్‌రేలో వెన్నుపూస నలిగి కనిపించింది. చెల్లెలు బయట బల్ల మీద పాప తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల డాక్టరు నన్నడిగాడు.

"కాల్షియం వేస్తున్నారు కదా?"

"వేస్తున్నామండీ."

ఆమెకు వినపడనంత మెల్లగా అన్నాను. ఎందుకన్నాను? పాప వెన్ను కన్నా నా డిగ్రీ విరుగుతుందని భయపడ్డానా?

బయటికొస్తే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "నేనే వదిలితి గదన్నా బయటికి. ఎగురుతాంటే సూస్తా నిలబడితి."

ప్రతిదానికీ ఒక జోకు ఉండే నోరు నాది. ఆ రోజు మూతపడింది. మర్నాటి నుంచి బలం మాత్రలని చెప్పి కాల్షియం తెచ్చిచ్చాను. కానీ చెల్లెలు పాపను మగ్గం గది దాటనివ్వలేదు. మిగిలిన ఆ కాస్త ఎండనూ నా మౌనమే మూసేసింది.

ఇదంతా జరిగి పన్నెండేళ్లు. శిరీష ఇప్పుడు ఇంటరు చదువుతోంది. జబ్బు పోయింది. నడుము వంగే ఉంది. ఆ మాత్రలు వేసి ఉంటే వంగేది కాదా? ఏమో. ఆ సంగతి ఎప్పటికీ తెలియకుండా చేసింది నేనే.

మొన్న కూడా చెల్లెలు, "ఆ పొద్దు దాన్ని వదలకుండా ఉండాల్సింది," అంది. నేను తల ఊపాను.

ఇక్కడ ఊపను. చెల్లెలు వదిలింది డాక్టరు వదలమన్న ఎండలోకే. మాత్రలు పారేసింది నేను. ఇది రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆమెకు ఇంకా ఆడటం లేదు.