వెనక వరుసలో అయిదేళ్లు

ఆ అయిదేళ్లూ నేను మా ప్రభుత్వ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చి ఒక శాసనసభ్యురాలి దగ్గర వ్యక్తిగత సహాయకుడిగా పనిచేశాను. మాది కాకినాడ వైపు. ఉద్యోగం కోసం రాజధానికి వచ్చి శివార్లలోని నార్సింగిలో స్థిరపడ్డాను. ఆమెది పాలమూరు వైపు ఊరు. బడిలో పాఠాలు చెప్పేవారు, అధికారపక్షం తరఫున మొదటిసారి గెలిచారు.

ప్రభుత్వానికి సభలో తిరుగులేని మెజారిటీ. బయట నుంచి చూస్తే అదంతా బలమే. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు మాత్రం పెద్దగా పని ఉండదు. బిల్లు వస్తుంది, అందరితోపాటు ‘అవును’ అంటారు, అది గెలుస్తుంది. ఈమె అనకపోయినా గెలిచేదే. మొదటి ఏడాది ఆమె ప్రసంగాలు రాసుకుని వచ్చేవారు. మాట్లాడే అవకాశం దొరికేది కాదు. రెండో ఏడాదికి రాయడం మానేశారు.

ఆ తర్వాతి వేసవిలో ఒకరోజు నగరం అంచున ఉన్న తెల్లాపూర్ వెళ్లాం. ఆమె నియోజకవర్గం మనుషులు చాలామంది అక్కడ అపార్ట్‌మెంట్ల కట్టుబడిలో ఉన్నారు. రేకుల షెడ్లలో కాపురం. మేం వెళ్లేసరికి ఒకామె బిడ్డను ఒళ్లో వేసుకుని ఏడుస్తోంది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలవేస్తోంది.

“దవాఖాన దూరమున్నది మేడం. ఆటో గీడిదాంక రాదు,” అంది.

తల్లీబిడ్డలను మా కారులోనే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి జ్వరం దిగింది. తిరిగి వస్తూ కారులో మేడం నాతో అన్నారు.

“వీళ్లంత బస్సెక్కి ఊరికొచ్చి నాకు ఓటేసిన్రు అన్నా. ఏడాదంత ఉండేది మాత్రం ఈడ. మరి వీళ్లను ఎవలు చూడాలె?”

మర్నాడే తెల్లాపూర్ షెడ్ల దగ్గర దవాఖాన గురించి సభలో అడగడానికి ప్రశ్న రాయించారు. ఈ సంగతి తెలిసి సొంత పక్షంలోని ఒక సీనియర్ లాబీలో ఆపారు.

“మన సర్కారును మనమే అడుగుడేంది చెల్లె? పైగా అది నీ నియోజకవర్గం గూడ కాదు.”

“నేను అడగకుంటే ఎవలడుగుతరన్నా? అవతలి దిక్కు ఉన్నదే నలుగురు.”

ఆయన నవ్వేసి వెళ్లిపోయారు. ప్రశ్న చర్చకు వచ్చిన రోజు లాబీలోని టీవీలో చూశాను. ఆమె లేచి ప్రశ్న అడిగారు. షెడ్ల దగ్గర దవాఖాన పెట్టే విషయం పరిశీలిస్తామని మంత్రి చెప్పారు. ఆమె కూర్చోలేదు.

“ఎప్పటివరకు సార్?”

సభ అంతా నవ్వింది. మంత్రి కూడా నవ్వి, తన ఛాంబర్‌కు రమ్మన్నారు. ఆమె దాన్ని మాటవరసగా తీసుకోలేదు. ఆ రోజే వెళ్లారు. తర్వాత సమావేశాలు జరిగినన్నాళ్లూ వెళ్తూనే ఉన్నారు. చివరికి ఆమెను చూడగానే అక్కడి సిబ్బందే “మీ దవాఖాన ఫైలు కదిలిందండి” అని చెప్పే పరిస్థితి వచ్చింది.

మరుసటి వానాకాలానికి షెడ్లకు దగ్గర్లో రెండు గదుల దవాఖాన తెరిచారు. ప్రారంభానికి ఆమెకు పిలుపు రాలేదు. నాకు కోపం వచ్చింది. ఆమె మాత్రం వారం తర్వాత మామూలుగా వెళ్లి, వరుసలో కూర్చుని బీపీ చూపించుకుని వచ్చారు.

తర్వాతి ఎన్నికల్లో ఆమెకు టికెట్ రాలేదు. ప్రశ్న అడిగినందుకేనని నేను అనను. గెలిచే అవకాశం తక్కువని చెప్పారట. ఎమ్మెల్యే క్వార్టర్ ఖాళీ చేసే రోజు సామాను సర్దుతూ నేనే అడిగాను.

“బాధగా ఉందాండి?”

“ఉండదా అన్నా? మాట్లాడుడు నేర్చుకునేసరికి టైమైపాయె,” అన్నారు. మళ్లీ గిన్నెలు పెట్టెలో పెట్టసాగారు.

సభ గడువు ముగిశాక నేను మా శాఖకు తిరిగి వచ్చేశాను. ఆమె మళ్లీ బడిలో పాఠాలు చెబుతున్నారు. పదవి లేకపోయినా జనం ఫోన్లు ఆగలేదట. కొన్ని నాకు మళ్లిస్తుంటారు. మొన్న రాయదుర్గంలో సెంట్రింగ్ పని చేసే ఒకతను చెయ్యి విరగ్గొట్టుకుంటే, “అన్నా, జర చూడు,” అని ఫోన్ చేశారు. ఆఫీసులో ఒకపూట సెలవు పెట్టి, అతన్ని తీసుకెళ్లి కట్టు వేయించాను.