నీళ్లు పోసిన ఊక

హైడ్రోజన్ ఎక్కువ రావాలని వడ్ల ఊకకు నీళ్లు పోసినోణ్ని నేను. ఎర్రగ కాలిన ఊకకు నీటి ఆవిరి తగిలితే గ్యాసుల హైడ్రోజన్ పెరుగుతదని పుస్తకంల ఉంది. ఆవిరి దాకా ఎందుకు, నీళ్లే పోద్దామనుకున్న. డెబ్బైలల్ల, ఒక ప్రయోగశాలల టెంపరరీ కొలువు చేస్తున్నప్పటి ముచ్చట. ఊకను కాల్చి గ్యాసు తీసే పొయ్యి అంటిస్తే పొగ వచ్చింది, ఊక మాత్రం ఊకున్నది.

మా ఆఫీసరు కండ్లు తుడుచుకుంట, "శుక్రవారం పెద్దసార్లు వస్తున్నరు. గ్యాసు గొట్టం కొసకు మంట కనబడకుంటే పొయ్యి పాతసామానుకు, నువ్వు ఇంటికి" అన్నడు. పోతూ పోతూ, "ఇంగ ఊకకు దండం పెట్టాల్నా ఏంది?" అన్నడు.

బయట ముసురు. సైదాబాద్‌ల మా వరండాల ఆరబోస్తే ఊక ఇంకింత మెత్తబడ్డది. వినాయకుని బొమ్మల మట్టిల ఊక కలుపుతరు గదా అని యాదికొచ్చి, ఊక గోనెసంచి సైకిలు మీదేసుకొని ధూల్‌పేట్ పోయిన. టార్పాలిన్ కింద బొమ్మలు, వాటి నడుమ ఆరబెట్టే బొగ్గు కుంపట్లు. బొమ్మలు చేసే ముసలాయన నా గోస మొత్తం విన్నడు.

"ఊకకు నీళ్లు పోసినవా, సాబ్?"

"పోసిన, కాకా."

"బొమ్మకైతే మేం పోస్తం. నువ్వు దేవుణ్ని చేస్తున్నవా, మంట చేస్తున్నవా?"

పిడికెడు ఊక నా చేతిల పెట్టిండు. "పిసుకు. చెయ్యి తెరిస్తే మొత్తం రాలాలె. అరచేతికి అంటితే తడి ఉన్నట్టే."

పండుగ దగ్గరికొచ్చిన రోజులు, ఆయనకు కాలు పెట్ట సందు లేదు. అయినా ఇద్దరు గణపతులను జరిపి, కుంపటి పక్కన నా గోనెసంచికి జాగ ఇచ్చిండు. నాకు తర్వాత పర్మనెంటు ఆర్డరు ఇచ్చినోళ్ల మొఖం యాదికి లేదు. ఆ జాగ ఇచ్చినాయన మొఖం ఉన్నది.

శుక్రవారం ఎండిన ఊక నింపిన. ఎర్రగ కాలినంక ఆవిరి వదిలితే గొట్టం కొసకు గ్యాసు నీలంగ అంటుకున్నది. అండ్ల నుంచి హైడ్రోజన్ వేరు చేసుడు ఇంకా మస్తు దూరం, కాని పొయ్యి నిలిచింది, నేనూ నిలిచిన. ఆఫీసరు "నా పొయ్యి" అని అందరికీ చూపెట్టిండు.

చవితికి ఆఫీసుల పెట్టే వినాయకుణ్ని తెచ్చే పని నేనే అడిగి తీసుకున్న. "కాకా, కడుపు నిండ ఊక కలుపు" అన్న. ఆయన నవ్వుకుంటనే కలిపిండు. పూజనాడు ఆఫీసరు పట్టుపంచె కట్టుకొనొచ్చి, కండ్లు మూసుకొని ఆ ఊకకు దండం పెట్టిండు. చెవులు పట్టుకొని ఇరవైఒక్క గుంజీలు తీసిండు. లెక్కపెట్టింది నేనే. నడుమ "తొమ్మిది" అని మూడుసార్లు లెక్కపెట్టిన.