ముత్తెమ్మ ఎడమ కాలు

గుంట మగ్గం మీద కూర్చుంటే పాదాలు కనిపించవు. మారోతికి చూపు మందగించాక నాందేడ్‌లోని వాళ్లింటి మగ్గం అతని భార్య ముత్తెమ్మ చేతికొచ్చింది. పొద్దంతా ఆమె కళ్లు పోగుల మీద, పాదాలు గుంటలోని తొక్కుడు చెక్కల మీద. చక్కెర జబ్బుతో పాదాలు ఎప్పుడో మొద్దుబారాయి. గుంట ఊడ్చడానికి దిగిన మారోతి చేతికి చెక్క నెత్తుటితో జిగటగా తగిలాకే, ఎడమ పాదం తెగిందని ఆమెకు తెలిసింది.

పసుపు పెట్టి, గుడ్డ చుట్టి మళ్లీ నేతకు కూర్చుంది. కొన్నాళ్లకు పాదం ఎర్రబారి, కాలిపోతూ, పిక్క దాకా వాచింది. మోకాలి కింద తీసేయాలన్నారు ఒక ఆస్పత్రిలో. మారోతి తలూపాడు.

"కాలు తీస్తె మగ్గమెవ్వరు తొక్కుతరు?" అంది ముత్తెమ్మ.

2006 వేసవిలో స్టేషన్ దగ్గరి చిన్న దవాఖానలో ఒక డాక్టరమ్మ కాలు నిలపడానికి ప్రయత్నిస్తానంది. వాపు తగ్గకపోతే మాత్రం కాలు తీయక తప్పదని ముందే చెప్పింది. పుండు మాన్పడానికి వచ్చే వాపు చక్కెర రోగిలో తన పని ముగించి వెళ్లిపోదట, అక్కడే తిష్ఠ వేస్తుందట. చచ్చిన కండ తీసేసి, పుండులో స్పాంజి పెట్టి, పైన గాలి చొరకుండా అంటుకునే పలుచని ప్లాస్టిక్ పొర బిగించి, గొట్టంతో మిషన్‌కు కలిపింది. మిషన్ గాలి లాగుతుంటే చెడు నీరు సీసాలోకి దిగసాగింది.

మధ్యాహ్నం లోడ్ షెడ్డింగ్. మిషన్ ఆగిపోయింది. లాగుడు లేకుండా గంటలు గడిస్తే నీరు నిలిచి పుండు మళ్లీ చెడుతుంది. నర్సు కాలితో తొక్కే పంపు తెచ్చి గొట్టానికి తగిలించి, దాని మీటరులో ముల్లు ఎక్కడ నిలవాలో గీత చూపించింది. మారోతి తొక్కితే ముల్లు ఎగిరెగిరి పడింది.

"పోగు తెంపేటట్టు తొక్కుతున్నవు. లే, నాకియ్యి."

ఎడమ కాలు దిండు మీద పెట్టుకుని, మంచం అంచున కూర్చుని, ముత్తెమ్మ కుడి కాలితో తొక్కింది. ముల్లు గీత దగ్గర నిలిచింది. అది జారబోయినప్పుడల్లా మళ్లీ తొక్కింది.

పక్క మంచం సుందరాబాయి నవ్వింది. "దవాఖానల గూడ చీర నేస్తున్నవానే, అక్కా?"

"చీర గాదు. తోలు నేస్తున్న."

కరెంటు పోయినప్పుడల్లా అదే పని. కట్టు మార్చిన ప్రతిసారీ వేడి తగ్గుతూ వచ్చింది. ఒకరోజు వాపు దిగిన పాదం మీద చర్మం ముడతలు పడింది. స్పాంజి తీస్తే కింద ఎర్రని కొత్త కండ. డాక్టరమ్మ మరాఠీలో, పిన్నిని పిలిచినట్టు మావ్షీ అని పిలిచి, కాలు మీకే ఉంటుంది అంది. తర్వాత తొడ నుంచి చర్మం తీసి పుండు మీద అతికించింది.

దీపావళి ముందు మగ్గం మళ్లీ మోగింది. తొక్కుడు చెక్కలకు మెత్తని రబ్బరు వచ్చింది. రోజూ మధ్యాహ్నం మారోతి గుంటలోకి దిగి, కళ్లకు అందని తడి కోసం చెక్కలను, ఆమె పాదాలను అరచేత్తో తడిమి చూస్తాడు.

"ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు. ఇగ తొక్కు."

రెండు చెక్కలూ కదిలాయి.