వేరుపడ్డవాళ్ళ బండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మార్కాపురంలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి ఏడాది కాలేదు. చేతిలో కొత్త ఫోను, ఫోనునిండా పాత బండ్లు ఎలా కొనాలో చెప్పే వీడియోలు. పల్లెలో మా ఇంట్లో తొమ్మిదిమందిమి: అవ్వ, అమ్మానాయన, చిన్నాయన, పిన్నమ్మ, వాళ్ళ పిల్లలిద్దరు, నేను, నా భార్య. అందరికీ ఒకటే పొయ్యి. శ్రీశైలం పోవాలంటే మాత్రం తలా ఒక బస్సు. "అందరం ఒక్క బండిలో పోవాల" అని అవ్వ అనేసరికి, పాతదైనా నమ్మకమైన పెద్ద బండి చూసే బాధ్యత నామీద పడింది. (పడింది అన్నాను గానీ, నేనే మీదేసుకున్నాను.)

దొనకొండ వైపు ఒక పల్లెలో తొమ్మిది సీట్ల బండి అమ్మకానికి ఉందంటే నాయనా నేనూ పొద్దున్నే పోయాం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలని వీడియోలో చెప్పారు మరి. పోగానే జ్వరం చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టాను. తలుపుల రబ్బర్లు లాగి లోపలి రంగు చూశాను. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చాను. లిస్టులో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ చివరికి కొత్త చొక్కాతోనే బండి కిందికి దూరాను. నాయన మాత్రం బండి ముఖమైనా చూడకుండా ఇంటాయనతో అరుగు మీద కూర్చున్నాడు. మా వైపు ఎద్దులైనా, బోరు మోటారైనా పాతవి కొనేటప్పుడు పెద్దవాళ్ళు ముందు కనుక్కునేది, అవి అమ్మేవాళ్ళ ఇంటికి కలిసొచ్చాయా లేదా అని.

కింద పడుకున్న నాకు వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఈ బండి వచ్చినాక ఇంట్లో అంతా బాగుందా అన్నా?" అన్నాడు నాయన.

"ఏం చెప్పమంటావులే. పోయినేడు నేనూ నా తమ్ముడూ వేరుపడినాం. ఇంత బండి ఇప్పుడు ఎవురికి?" అన్నాడు ఇంటాయన.

నాయన తాగుతున్న టీ పక్కన పెట్టి లేచాడు. నేను గ్రీజు మొహంతో బయటికొచ్చి, "బండి బంగారం నాయనా" అన్నాను.

"వద్దురా. వేరుపడినోళ్ళ బండి. మనింటికి వద్దు."

"వాళ్ళు వేరుపడితే ఇంజనుకేంది నాయనా?"

దారి పొడుగునా పాఠం చెప్పాను. ఇంటికొచ్చి చిన్నాయనను నావైపు తిప్పుకున్నాను. అవ్వ కూడా "సదువుకున్నోడు చెప్తాండాడు గదా" అంది. నాయన ఓడిపోయాడు. బండికి పూజ చేసిన రోజు మాత్రం టైరుకొక్క నిమ్మకాయ చాలదని రెండేసి పెట్టించాడు.

నిజం చెప్పొద్దూ, బండి నా పరువు నిలబెట్టింది. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో తొమ్మిదిమందినీ, పులిహోర గిన్నెలతో సహా, ఎక్కడా ఆగకుండా ఎక్కించింది. ముందు సీట్లో కూర్చున్న అవ్వ, చెక్‌పోస్టు దగ్గర గార్డు అడక్కపోయినా "అందరూ మావోళ్ళే నాయనా" అని చెప్పింది. ఆ రోజు నాయన వంక ఎన్నిసార్లు గెలిచినట్టు చూశానో.

నాలుగేళ్ళు తిరక్కుండానే మా కుటుంబంలో రెండో పొయ్యి వెలిగింది. వెలిగించింది నేనే. ఈమధ్యలో పుట్టిన మా పాపకు బడి కావాలన్నాను, కాలేజీ దూరమన్నాను, పల్లెలో సిగ్నల్ రాదన్నాను. వాటికీ ఒక లిస్టుంది, అన్నిటికీ టిక్కులే. మార్కాపురంలో అద్దెకు తీసుకున్న ఇంటికి సామాను ఆ బండిలోనే వేసుకున్నాను. గడపలో అవ్వ నిలబడి చూస్తుంటే, ఒక్కసారికి ఇది మొరాయిస్తే బాగుండు అనిపించింది. తాళం తిప్పీ తిప్పకముందే స్టార్టయింది.

ఊళ్ళో ఎవరన్నా "ఏందన్నా, నీ కొడుకు వేరుపోయినాడంట" అంటే నాయన ఇప్పటికీ ఒకటే చెప్తాడు.

"మావోడు అట్లాంటోడు కాదు. ఆ బండి చేసిన పని అది."

పక్కనే ఉండి కూడా నేను కాదనను. నాయన ఆ మాట అన్న ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది, కాస్త ఊపిరీ ఆడుతుంది.