కోక్సర్‌లో దొరికినంత మంచు

జనవరి మొదటి వారంలో ఒక సోమవారం పొద్దున్నే నరసన్నపేట హైవే మీద విజయనగరం బస్సు కోసం నిలబడ్డాం. మేమంటే నేనూ, మా బావా. బావ నా మేనత్త కొడుకు, నా భర్త. పెళ్లయి పాతికేళ్లు దాటినా ఆ పిలుపు మారలేదు. నేను శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో నర్సుని. బావ సైన్యంలో పనిచేసి వచ్చి ఇప్పుడు మా ఊళ్లో వరి పండిస్తున్నాడు.

ఈ ప్రయాణానికి కారణం బావ కుడి మోకాలు. సైన్యంలో ఉండగా తను కాశ్మీరు కొండల్లో చాలా ఏళ్లు కొత్త జవాన్లకు స్కీయింగ్, అంటే కాళ్లకు పొడుగాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారడం, నేర్పాడు. మోకాలు అక్కడే అరగడం మొదలైంది. మొన్న కార్తీకంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు చూసి ఇక మోకాలు మార్చక తప్పదన్నారు. మార్చాక నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, గెంతులు మాత్రం వద్దన్నారు. "మరి స్కీయింగు?" అని బావ అడిగాడు. డాక్టరు నవ్వి, "మన శ్రీకాకుళంలోనా?" అన్నారు. బావ నవ్వలేదు.

ఇంటికొచ్చాక రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ తర్వాత అన్నం తింటూ, "ఆపరేసనుకి ముందు ఒక్కపాలి ఎల్లొద్దామే. పెళ్లయిన కాణ్ణుంచీ సెప్తన్నాను గాని నువ్వెప్పుడూ సూణ్ణేదు" అన్నాడు. అది నిజమే. సెలవు దొరికితే తనే ఇంటికి వచ్చేవాడు. తన ఉద్యోగం ఎలాంటిదో కబుర్లలో వినడమే తప్ప నేను అక్కడికి వెళ్లింది లేదు. నర్సుగా వద్దనాల్సిన దాన్ని. మోకాలికి పట్టీ కట్టుకోవాలి, పెద్దగా వాలు లేని చోటు చూసుకోవాలి, అదీ ఒక్కసారే అన్న షరతు మీద ఒప్పుకున్నాను. కాశ్మీరు అయితే దూరం ఎక్కువని మనాలి దగ్గరి సోలంగ్ లోయ అనుకున్నాం.

విజయనగరంలో పదిన్నర ప్రాంతంలో ఢిల్లీ రైలెక్కాం. రిజర్వేషన్ రెండు నెలల ముందే చేయించుకోవడం మంచిది, కింది బెర్తులు త్వరగా అయిపోతాయి. మా ఎదురు సీటులో సాలూరు లారీ యజమాని ఒకాయన కూర్చున్నాడు. లారీ రాయపూర్‌లో చెడిపోతే చూసుకోవడానికి వెళ్తున్నాడట. మా పని విని ఆశ్చర్యపోయాడు.

"మంచు సూడ్డానికి అంత దూరమేటండీ? మా ఘాట్లో ఈ నెల్లో పొద్దున్నే లారీకి ముందు రోడ్డే అగపడదు. అది మంచు కాదేటి?"

"అది కమ్ముకునే మంచండి. నాను సెప్పేది పేరుకునే మంచు. ముద్ద సెయ్యొచ్చు, దాని మీద నడవొచ్చు" అన్నాడు బావ.

"అయితే ఐసేనండి" అని ఆయన తేల్చేశాడు. మా పులిహోర ఆయన తిన్నాడు, ఆయన తెచ్చిన జంతికలు మేం తిన్నాం. రాత్రికి ఆయన రాయపూర్‌లో దిగిపోయాడు.

మర్నాడు ఝాన్సీ దాటిన దగ్గర్నుంచి పొగమంచు. సిగ్నళ్లు కనపడక రైలు ఆగుతూ ఆగుతూ నడిచింది. సాయంత్రానికి చేరాల్సిన ఢిల్లీకి బాగా ఆలస్యంగా చేరాం. అక్కడ ఒక రాత్రి పడుకుని, మర్నాడు సాయంత్రం మనాలి బస్సెక్కాం. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు నడవ పక్క సీటు అడిగి తీసుకోవాలి. కాలు చాపుకునే వీలు అక్కడే ఉంటుంది. బస్సు కులు దాటుతుండగా తెల్లవారింది. బావ కిటికీ అద్దం తుడిచి కొండల వైపు చూశాడు. పైన శిఖరాల మీద గీత గీసినట్టు కొంచెం తెలుపు ఉంది. దాని కింద కొండలన్నీ ఎండు గడ్డి రంగులో ఉన్నాయి.

మనాలికి కొంచెం ఎగువన ఒక ఊళ్లో, పూనమ్ అనే ఆవిడ ఇంట్లో గది తీసుకున్నాం. యాభై ఏళ్ల మనిషి. కింద తన కుటుంబం ఉంటుంది, పైన రెండు గదులు యాత్రికులకు ఇస్తుంది. ఇంటి వెనక ఆపిల్ తోట ఉంది. ఆకు లేని చెట్ల మధ్య నేల దుమ్ము రేగుతోంది. వేడి రొట్టెలు, రాజ్మా పెట్టి ఆవిడ హిందీలో చెప్పుకొచ్చింది. బావ నాకు తెలుగులో చెప్పాడు.

"దసరా అయ్యాక చుక్క పడలేదు. మంచు కప్పకపోతే చెట్టుకు సరిగ్గా నిద్రుండదు. నిద్రలేని చెట్టు పూత సరిగ్గా పెట్టదు. మీరైతే ఇంకో ఏడాది రావచ్చు. మేం ఎక్కడికి పోతాం?"

బావ తోటలోకి వెళ్లి, చెట్టు మొదట్లో మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మనకి కోతల్లో వాన, ఈళ్లకి సలికాలంలో ఎండ" అన్నాడు నాతో. ఆ మాటన్నాక తనలో పట్టుదల కొంచెం తగ్గిందని నాకనిపించింది.

మధ్యాహ్నం సోలంగ్ వెళ్లాం. దారి పొడవునా కోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. పైన మంచు లేదని ఎవరూ చెప్పరు. అందరూ ఆపి కోటు వేసుకోమంటారు. వేసుకున్నాం. తీరా చూస్తే ఆ లోయలో ఎండ కాస్తోంది. జనం మందపాటి కోట్లలో చెమటలు కక్కుతూ ఎండు గడ్డి మీద తిరుగుతున్నారు. కొందరు స్కీలు చేత్తో పట్టుకుని, గడ్డి మీదే నిలబడి ఫొటోలు దిగుతున్నారు. గుర్రాలు, నాలుగు చక్రాల మోటారు బళ్లు తిరిగిన చోట దుమ్ము లేస్తోంది.

అక్కడ టాషీ అనే శిక్షకుడు పరిచయమయ్యాడు. బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. అతని పక్కనున్న స్కీ ఒకటి బావ తీసుకుని, అంచు వెంట గోరు పెట్టి గీసి చూశాడు. అది చూసి అతను, "ఎక్కడ పనిచేశారు?" అని అడిగాడు. ఆ తర్వాత అరగంట ఇద్దరూ నన్ను మర్చిపోయారు.

"మా నాన్న రోజుల్లో డిసెంబరులో తలుపు ముందు తవ్వుకుని బయటికి వచ్చేవాళ్లం" అన్నాడు టాషీ. "ఇప్పుడు పడితే ఫిబ్రవరిలో, లేకపోతే మార్చిలో. పడిన మర్నాడే వాన కురిసి కరిగిపోతోంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు సగం మంది టాక్సీలు తోలుతున్నారు."

మా మాటలు వింటున్న ఒకమ్మాయి దగ్గరికి వచ్చింది. పేరు రియా, బెంగళూరులో ఉద్యోగం. భుజాన తనంత పొడుగు సంచిలో స్నోబోర్డు ఉంది, రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టి జారేది. మూడేళ్లుగా ఇక్కడికి వస్తోందట. మొదటి ఏడాది ఈ మైదానం దాకా జారిందట, పోయినేడు కొండ మధ్యదాకానే. ఈసారి రోప్‌వేలో పైకంటా వెళ్లినా రాళ్లే కనిపించాయంది. కొండ కింద తవ్విన రోడ్డు సొరంగం అవతల కోక్సర్ దగ్గర, ఎండ తగలని ఒక వాలులో పాత మంచు మిగిలి ఉందని టాషీ చెప్పాడు. మర్నాటికి ముగ్గురం కలిసి జీపు మాట్లాడుకున్నాం. టాషీ తన స్కీలతో వస్తానన్నాడు.

పొద్దున ఎనిమిదికి బయల్దేరాం. సొరంగం తొమ్మిది కిలోమీటర్లు. లోపలికి దూరేటప్పుడు ఎండ, బయటికి వచ్చేసరికి ముక్కు లోపల గడ్డకట్టే చలి. అటువైపు కొండలు కూడా సగానికి సగం బోడిగానే ఉన్నాయి. నది అంచుల్లో మాత్రం నీళ్లు గడ్డకట్టాయి. నది దాటి కొంత నడిస్తే టాషీ చెప్పిన వాలు వచ్చింది. కొండ నీడలో, మా ఊరి కళ్లాలు నాలుగు కలిపినంత తెలుపు. దగ్గరికి వెళ్తే పూర్తి తెలుపు కూడా కాదు, మాసిన పంచె రంగు. అక్కడక్కడ రాళ్లు పైకి తేలి ఉన్నాయి.

రియా ముందు ఎక్కింది. పైనుంచి ఒక్క ఊపులో దిగింది. చూడ్డానికి బాగుంది కానీ సగం దూరంలో బండ మీద ఇనుము గీసినట్టు చప్పుడొచ్చింది. కిందికి వచ్చి బోర్డు తిరగేసి చూపించింది. అడుగున పొడుగ్గా, లోతుగా గీత పడింది. "ఇంక చాలు" అని సంచిలో పెట్టేసింది.

బావ మోకాలికి నేను పట్టీ కట్టాను. బూట్లు బిగించుకుని, స్కీలు తగిలించుకుని, వాలుకు అడ్డంగా అడుగులేసుకుంటూ కొంత పైకి వెళ్లాడు. నేను కింద నిలబడ్డాను. పడితే ఎలా దించాలి, జీపులో కాలు ఎలా పెట్టాలి, ఆసుపత్రి ఎంత దూరం, అన్నీ మనసులో సిద్ధం చేసుకున్నాను. బావ పైన నిలబడి కిందికి చూశాడు. కర్రతో మంచును రెండు మూడు చోట్ల పొడిచాడు. రాళ్ల వైపు చూశాడు. ఆ తర్వాత వంగి, స్కీలు విప్పి, భుజాన వేసుకుని నడుచుకుంటూ దిగి వచ్చాడు.

"గాజునాగుంది. కిందన రాయి. ఇది నా మోకాలు పని కాదే" అన్నాడు.

నాకు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. ఎందుకో నాకే తెలియదు. ఇంత దూరం వచ్చి బావ ముఖం అలా ఉండడం చూడలేకపోయాను. అది మామూలు ముఖమే, పొలంలో నీళ్లు రాని రోజున ఉండే ముఖం. వాలు చివర, నది ఒడ్డు దగ్గర, దాదాపు చదునుగా ఉన్న చోట రాళ్లు లేని మంచు కొంచెం ఉంది. అటు చూపించి, "అయితే నాకు నేర్పు" అన్నాను.

"నీకా?"

"నన్ను సూడమన్నావు కదా. ఇక్కడ సూడ్డానికేటీ నేదు. నేర్పు."

బావ నా వైపు చూసి, టాషీ వైపు చూసి, "ఈవిడకి బూట్లున్నాయా?" అని హిందీలో అడిగాడు. ఉన్నాయి, టాషీ జీపులో వేసుకొచ్చిన మరో జత. పాదానికి సిమెంటు పోసినట్టున్నాయి. నిలబడగానే పడ్డాను. లేవగానే పడ్డాను.

ఇంట్లో నాకు స్కూటర్ నేర్పిన మనిషి ఈయనేనా అనిపించింది. అప్పుడు రెండో రోజుకే ఇద్దరం అరుచుకుని మానేశాం. ఇక్కడ బావ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పడితే లేపలేదు కూడా. నేనే లేవాలట. "పక్కకి ఒరుగు. స్కీలు వాలుకి అడ్డంగా ఎట్టు. ఇప్పుడు సెయ్యి ఆన్చి లెగు." లేచాను. "స్కీల మూతులు దగ్గరికి, మడమలు దూరం. సూపు కాళ్ల మీద కాదు, నువ్వెల్లే సోట." కుంటుతూ నా పక్కనే నడిచాడు. ముందు మోచెయ్యి పట్టుకున్నాడు. తర్వాత వేలితో తాకి ఉంచాడు. తర్వాత ఏదీ లేదు. నేను కదులుతున్నాను. కాళ్ల కింద పప్పు రుబ్బుతున్నట్టు సన్నని శబ్దం. ఎంత దూరమని అడిగితే, మా ఇంటి వీధి ఇటు నుంచి అటంత. వేగం కూడా నడకంతే. నాకు మాత్రం గాలి చెవుల్లో మోగింది.

ఆగడం తెలియక టాషీ మీదికి వెళ్లి ఆగాను. వెనక్కి తిరిగి చూస్తే బావ మంచు మధ్యలో నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "మల్లీ ఎక్కు!" అని అరిచాడు. నవ్వుతున్నాడు. ఎండ కొండ దాటి ఆ ఒడ్డు మీద పడి మంచు మెత్తబడేదాకా, మధ్యాహ్నం వరకు, మళ్లీ మళ్లీ ఎక్కించాడు. రియా కూడా వచ్చి సలహా అడిగింది. ఆమెకు మలుపు తిరిగేటప్పుడు భుజం ఎక్కడ ఉండాలో చేత్తో చూపించాడు. "నాకు బోర్డు తెలీదమ్మా, నడుం సంగతి తెలుసు" అన్నాడు.

ఆ సాయంత్రం పూనమ్ వారం లోపల మబ్బు పట్టొచ్చని చెప్పింది. ఉండిపొమ్మంది. నా సెలవు, తిరుగు టికెట్లు చూసుకుని మర్నాడు బస్సెక్కాం. నాకు తొడలు పట్టేసి మెట్లు దిగడం కష్టమైంది.

తిరుగు రైలు నాగపూర్ దాటాక పూనమ్ నుంచి వీడియో వచ్చింది. ఆపిల్ తోటలో మంచు పడుతోంది. చప్పుడు లేదు. కొమ్మలన్నీ లావెక్కాయి. ఆవిడ గొంతు మాత్రం వెనక నుంచి నవ్వుతూ ఏదో అంటోంది. బావ చివరిదాకా చూసి, పై బెర్తు ప్రయాణికుడికి కూడా చూడమని ఫోను అందించాడు.

"ఇంకో నాలుగు రోజులు ఆగాల్సింది బావా" అన్నాను.

"ఆగితే నాను ఎక్కీసుందును. ఎక్కితే పడీసుందును" అన్నాడు. "మంచు పడనీ. ఆ సెట్లకి కావాల."

అని కిటికీ వైపు తిరిగాడు. తనకది తేలిక కాదని నాకు తెలుసు. ఒడిశా కొండలు దాటి రైలు పార్వతీపురం వైపు దిగుతుండగా, "ఆ డాక్టరు గారికి ఫోను సెయ్యి. ఎప్పుడు రమ్మంటే అప్పుడే ఎల్దాం" అన్నాడు. చేశాను. మాఘం వెళ్లేలోపు అన్నారు.

మా దారిన వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. క్యాలెండరు నమ్మి టికెట్లు కొనకండి, అక్కడివాళ్లకు ఫోన్ చేసి అడిగి బయల్దేరండి. కోటు అద్దెకు తీసుకునే ముందు కొండ వైపు ఒకసారి చూడండి. మంచు ఎలా ఉంటుందని మా ఆసుపత్రిలో అందరూ అడుగుతున్నారు. గట్టిగా, మురిగ్గా, తక్కువగా ఉంటుందని చెబుతున్నాను. పాతికేళ్లు మా బావ ఉద్యోగం గురించి వింటూ వచ్చాను. ఒక్క పూట, బావను ఆ ఉద్యోగంలో ఉండగా చూశాను.