ఆకు తిప్పి చూడమన్న టీచర్

ఫిల్మ్‌నగర్ వెనక మా గుట్ట మీద బండల పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చేస్తున్నారు. చేస్తున్నది పరాయివాళ్లు కాదు, మా కాలనీ సుందరీకరణ కమిటీయే! పగుళ్లలో మొలిచిన, పువ్వూ కాయా లేని ఫెర్న్‌లు వాళ్ల కంటికి పిచ్చిమొక్కలట... ఒళ్లు మండిపోతోంది.

మా చిన్నప్పుడు... నాన్న సినిమా సెట్లలో అడవులు కట్టేవారు. షూటింగ్ అయ్యాక దుమ్ము కొట్టుకుపోయిన ఆ ప్లాస్టిక్ అడవంతా మా వాకిట్లోకి వచ్చేది. గోలెంలో సబ్బునీళ్లు కలిపి ఒక్కో ఆకునీ తుడవడం నాదీ, షేక్‌పేట నుంచి వచ్చే నా నేస్తం స్వప్నదీ పని. ఫెర్న్ అంటే మాకు తెలిసింది అదే.

ఒక వానాకాలం ఇద్దరం గుట్టెక్కాం. బండ సందులో అచ్చం మా ఇంట్లోవాటిలాంటి ఆకులు! స్వప్న ఒకటి తిప్పింది. వెనక వరసగా గోధుమరంగు చుక్కలు...

"అరే, మీ నాయన సామాను గీడ మర్చిపోయిండే! ఎంత గలీజ్ అయిందో చూడు!"

నాన్నకి మాట వస్తుందని నాకు భయం. పావడా అంచు వాన నీళ్లలో తడిపి దీక్షగా రుద్దడం మొదలుపెట్టాం...

అప్పుడే మా కింది వాటాలో ఉండే ఎలిజబెత్ టీచర్ అటు వచ్చారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు.

"ఏం చేస్తున్నారే?"

"కడుగుతున్నం టీచర్. మస్తు మురికున్నయ్," అంది స్వప్న.

టీచర్ నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడ్డారు. "మురికి కాదే పిచ్చిమొహాల్లారా! కొత్త మొక్కలు వాటి నుంచే వస్తాయి. పసిపిల్లల్ని ఉయ్యాల్లోంచి తుడిచి పారేస్తున్నారు కదే!"

ఆ తర్వాత వాన పడితే చాలు, ఆవిడ వెనకే మేం. పైపైన చూసి పేరు పెట్టొద్దు, తిప్పి చూడండి అనేవారు. కాడ నల్లగా సన్నగా ఉండి, చుక్కలు అంచు మడతలో దాక్కుంటే హంసపాది. నెమలి పురిలా విప్పుకుని, ఎండకు ముడుచుకుపోయి, వానకు మళ్లీ లేచేది మయూరశిఖ...

పెద్దయ్యాక ఇది నమ్ము, అది నమ్ము అనే కరపత్రాలు ఎన్ని చదివానో! దేన్నైనా నమ్మే ముందు తిప్పి చూడడం మాత్రం టీచర్ పెట్టిన భిక్షే. నా దగ్గరున్న ఆస్తల్లా అదొక్కటే.

ఇప్పుడావిడ మధురానగర్‌లో ఉంటున్నారు. నిన్న ఫోన్లో నేను కమిటీని తిట్టిపోస్తుంటే మధ్యలో ఆపారు. "తిట్టడానికి పిలవకు నాన్నా. చూపించడానికి పిలువు. నేనూ వస్తా, మోకాళ్లదేముంది!"

అప్పట్లో గుట్ట ఎక్కాలంటే ఎవరినీ అడగక్కర్లేదు... ఇప్పుడు గేటూ, వాచ్‌మనూ. పెద్దబండ ఒక్కటే మిగిలింది. ఆదివారం ఎనిమిదింటికి దాని పగుళ్లలోనూ సిమెంటు పోస్తారట.

మీకూ ఇలా చూడడం నేర్పినవాళ్లుంటే కింద రాయండి... వీలైతే వాళ్లనే వెంటబెట్టుకుని రండి. కమిటీ పెద్దలూ, మీరూ రండి. ఆదివారం పొద్దున్న ఆరున్నరకు, పెద్దబండ దగ్గర. ముందు టీచర్ మాట్లాడతారు. నేను నోరు మూసుకుంటాను... ప్రయత్నిస్తాను.