ఇప్పపువ్వు దొంగ

మంచిర్యాలలో మా ఇల్లు అడవివైపు వాడలో ఉండేది. మురుగునీటి మోరీ తవ్వినవాళ్ళు మా పెరటిగోడ పడగొట్టారు. ఎన్ని అర్జీలు పెట్టినా మళ్ళీ కట్టలేదు. ఆ సందులోంచి ఎవరో వచ్చి, నేను ఆరబోసిన ఇప్పపువ్వు రోజూ ఎత్తుకుపోతున్నారు. నా అనుమానమంతా పక్కింటి మల్లయ్య మామ మీదే. ఎండాకాలంలోనూ నల్ల గొంగడి కప్పుకుని తిరిగే మనిషిని ఎట్లా నమ్మేది?

ఒకనాడు తెల్లవారుతుండగా పెరట్లో నల్లటి ఆకారం వంగి కనిపించింది. చీపురెత్తి, "దొరికినవ్ మామా! గొంగడి తీసి మొకం చూపియ్యి!" అని అరిచాను.

అది రెండు కాళ్ళమీద లేచి నిలబడింది. ఎలుగుబంటి! మల్లయ్య మామే తాంబాళం మోగిస్తూ పరుగెత్తుకొచ్చి దాన్ని తరిమాడు.

నేను తేరుకున్నాక మెల్లగా అడిగాడు. "గుడ్డెలుగును పట్టుకొని మామా అని ఎందుకు పిలిచినవ్ బిడ్డా?"

గోడ తర్వాత మేమే కట్టుకున్నాం. ఆయనకు జవాబు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.